సీజరు మూతికి కందెన

మాచర్ల సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే చెన్నయ్యకు మాటలకు కరువు ఉండేది కాదు. తాను బేరం కుదిర్చిన ఎద్దొకటి కృష్ణలో దిగి నీళ్ళు తాగుతుంటే, అవతలి గట్టున బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు ఇసుక చూసుకుని వెనక్కి పోయారని చెప్పేవాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నమ్మమని ఆయనా అడిగేవాడు కాదు.

బేరం దగ్గర మాత్రం నమ్మమనే అడిగేవాడు. ముసలెద్దు కొమ్ములు గాజుపెంకుతో గీకి, బండి ఇరుసుకు పూసే నల్లటి కందెన పట్టించి, కీళ్ళకు ఆముదం మర్దించి, ఊరి చుట్టూ ఒకసారి నడిపించి తెచ్చాడంటే అది కోడెలా నిలబడేది. సంతలో అందరూ చేసే పనే. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. కనుక అది తప్పని చెన్నయ్యకు ఏనాడూ తోచలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో రైలు గార్డు ధనుంజయరావుకు మాచర్ల నుంచి బదిలీ వచ్చింది. ఆయన దగ్గర సీజరని ఒక నల్లకుక్క ఉండేది. పదమూడేళ్ళది. మూతి తెల్లబడింది. చీము పట్టీ పట్టీ రెండు చెవులూ వినపడకుండా పోయాయి. పళ్ళు సగం లేవు. పొద్దున లేవబోతే వెనక కాళ్ళు పట్టేసేవి. కొత్త ఊళ్ళో అద్దె ఇంటివాళ్ళు కుక్క వద్దన్నారు.

"ఎవరన్నా మంచివాళ్ళు దొరికేదాకా నీ దగ్గరుంచు చెన్నయ్యా. కానీ ఉన్నదున్నట్టు చెప్పి ఇవ్వు. చెవులు లేవని చెప్పు. జావ తప్ప తినలేదని చెప్పు. పిలవాలంటే కాలితో నేల మీద గట్టిగా తన్నాలి, ఆ అదురుకు తలెత్తుతుంది," అన్నాడు గార్డు.

"మీరు నిశ్చింతగా రైలెక్కండి బాబూ. పులుల్ని సాకిన చెయ్యి ఇది!"

రెండు నెలలు నిజంగానే బాగా సాకాడు. పూటపూటకూ జొన్నజావ పోశాడు, చెవుల్లో వేపనూనె చుక్కలు వేశాడు. ఆ తర్వాత సీజరు పడుకున్నచోటే తడిపేయడం మొదలుపెట్టింది.

"ఏందయ్యా ఇది! చంటిపిల్లలు లేని కొంపలో రోజూ బొంతలు ఉతకమంటావు. అదన్నా పోవాల, నేనన్నా పోవాల," అంది భార్య సుబ్బరత్నం.

"నువ్వు పోతే జావ ఎవరు కాస్తారే?"

జవాబుగా చెంబు ఎగిరొచ్చింది.

గుట్ట కింద మేకలు మేపుకునే హజ్రా బీకి కాపలా కుక్క కావాలని అప్పుడే తెలిసింది. మొగుడు పోయిన మనిషి, తోడేళ్ళ బాధ పడలేకపోతోంది. ఆ పొద్దున చెన్నయ్య చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. సీజరు కాళ్ళకు ఆముదం మర్దించాడు. తెల్లని మూతికి కందెన పల్చగా పట్టించాడు. స్టేషను దాకా నడిపించి, కీళ్ళు వదులయ్యాక ఆమె దొడ్డికి తీసుకుపోయాడు.

"వయసెంతన్నా?" అంది హజ్రా బీ.

"నాలుగు దాటి ఐదు. నల్లమలలో చిరుతపులి దీనికి ఎదురుపడి, దీని మొహం చూసి తోక ముడిచింది చెల్లెమ్మా. ఆ ముడి విప్పుకోలేక ఇప్పటికీ తిప్పలు పడతందంట."

ఆమె పకపకా నవ్వింది. "చెవులు బాగా వినపడతయ్యా?"

చెన్నయ్య కిర్రుచెప్పుతో నేల మీద ఒక్క తన్ను తన్నాడు. అటు తిరిగి ఉన్న సీజరు చటుక్కున తలెత్తింది.

"చూశావా? చీమ నడిచినా కనిపెడతది."

చిరుతపులి మాటకు నవ్విన మనిషి చీమ మాట నమ్మేసింది. జావ సంగతన్నా చెబుదామని చెన్నయ్యకు నోటిదాకా వచ్చింది. ఐదేళ్ళ కుక్కకు జావెందుకని అడుగుతుందేమోనని మింగేశాడు.

నెల తిరిగింది. సంతరోజు సర్దార్ టీకొట్టు ముందు నలుగుర్ని పోగేసుకుని చెన్నయ్య కృష్ణలో దిగిన ఎద్దు కథ చెబుతున్నాడు. ఎద్దు సగం ఏరు తాగేసరికి, సీజరును తాడు పట్టి నడిపించుకుంటూ హజ్రా బీ వచ్చింది. కుక్క మూతి తెల్లగా మెరుస్తోంది. ఆమె తిట్టబోతుందని, చెన్నయ్య అప్పటికప్పుడు నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాడు.

ఆమె తిట్టలేదు. "అన్నా, ఏమీ అనుకోబాక. సింహం లాంటి జీవాన్ని నా చేతిలో పెట్టావు. నెల తిరక్కముందే ముసలిదాన్ని చేసేశా," అంది.

"ఏమైంది?" అన్నాడు సర్దార్.

"నా ఇంటి నీళ్ళు పడలేదో, నా రాత అంటుకుందో. మూతి తెల్లబడింది. నేను ఎండురొట్టె ఏస్తిని, పళ్ళు ఊడిపోయినయ్యి. మొన్న పట్టపగలు తోడేలు మేకపిల్లను ఎత్తుకుపోతుంటే ఇది అటు తిరిగి పడుకునే ఉంది. ఒళ్ళు మండి కర్రతో కొట్టానన్నా. అరిస్తే కూడా కదల్లా. అప్పుడు తెలిసింది, దీనికి వినపడ్డంలేదని. చెవుడొచ్చినదాన్ని కొట్టాను!" కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఏ మందు వెయ్యాలో నువ్వే చెప్పు. నీకు చానా తెలుసు."

"దిష్టి తగిలుంటది. చిరుతపులినే తరిమిందంట గదా," అన్నాడు సర్దార్.

ఎంత తేలిక మాట! ఊఁ అంటే సరిపోయేది. దిష్టి మీద చెన్నయ్య దగ్గర ఇరవై కథలున్నాయి. నలుగురూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"దానికి పదమూడేళ్ళు. నీ దగ్గరికి వచ్చేటప్పటికే చెవుల్లేవు, సగం పళ్ళూ లేవు. మూతికి నేనే రంగేశా," అన్నాడు చెన్నయ్య.

ఘొల్లున నవ్వారంతా. "కుక్కకు రంగంట! ఎద్దు కథకంటే ఇదే బాగుంది మామా!" అని ఒకడు తొడ చరిచాడు.

జీవితంలో మొదటిసారి నమ్మమని బతిమాలబుద్ధేసింది చెన్నయ్యకు. మాట మీద ఆశ వదులుకుని, పక్కనున్న బండికి వేలాడే కందెన గొట్టంలో వేలు ముంచాడు. సీజరు ముందు గొంతుక్కూర్చుని మూతికి రాశాడు. తెలిసిన చెయ్యి కనుక అది కదలకుండా నిలబడి తోకాడించింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఎనిమిదేళ్ళు తగ్గిపోయింది.

నవ్వులు ఆగిపోయాయి.

హజ్రా బీ వంగి ఆ మూతిని వేలితో తాకి చూసింది. "అయితే నా వల్ల కాదా?" అంది. ఆ గొంతులో ముందుగా వినిపించింది ఊరట. నాలుగు తిట్టినా చెన్నయ్యకు అంత సిగ్గనిపించేది కాదు.

"నేను తీసుకుపోతా చెల్లెమ్మా," అన్నాడు తలొంచుకుని.

"ఎందుకు? మళ్ళీ రంగేసి ఇంకో ముండమోపికి అంటగట్టడానికా? తుడువు ముందు!"

తలగుడ్డ విప్పి తుడిచాడు. కందెన ఒక పట్టాన వదల్లేదు. తుడుస్తూనే చెప్పాడు, జావ సంగతి, వేపనూనె సంగతి, కాలితో తన్నే సంగతి. ఒక్క కథా కలపలేదు. ఆమె నేల మీద కాలు తాటించింది. సీజరు తలెత్తి చూసి, కుంటుకుంటూ ఆమె వెంట పోయింది.

మర్నాడు తెల్లారగానే చెన్నయ్య బండెడు తుమ్మకంపతో దొడ్డి దగ్గరికి వెళ్ళాడు, కంచె కట్టడానికి. హజ్రా బీ రమ్మనలేదు, పొమ్మనలేదు. పొయ్యి మీద జావ ఉడుకుతోంది. సీజరు అటు తిరిగి ఎండలో పడుకుని ఉంది. పలకరిద్దామని కాలెత్తాడు. దాని వీపు మీద కర్ర తగిలినచోట వెంట్రుకలు రేగి, వాపు కనిపించింది.

ఎత్తిన కాలు మెల్లగా దించి, నేల అదరకుండా కంప దించడం మొదలుపెట్టాడు.