వెనకాల వచ్చిన జోలపాట

నేను ఒక మైకుని. ఇప్పుడు ఒక సంగీత కళాశాలలో, అద్దాల బీరువాలో ఉన్నాను. మనుషులు నా ముందుకు రాగానే గొంతు సవరించుకుని, నన్ను వేలితో టకటకా కొట్టేవాళ్ళు. ఏ ఇంటికైనా వెళ్తే అక్కడి మనిషిని నెత్తిమీద కొట్టి పలకరిస్తారా? నా దగ్గర మాత్రం అదే మర్యాద. ఒక్క ఎస్తేరు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. దగ్గరికొచ్చి మెల్లగా ఊపిరి వదిలేది. నేను బతికే ఉన్నానని ఆమెకి దాంతోనే తెలిసిపోయేది.

ఎక్కడో చలిదేశంలో తయారై, ఓడెక్కి మద్రాసు వచ్చాను. నా మొదటి యజమాని ఒక పెద్ద హోటలు. సాయంత్రాలు అక్కడ బ్యాండు వాయిస్తుంటే ఎస్తేరు పాడేది. వాల్తేరు రైల్వే క్వార్టర్స్ పిల్ల. చర్చి క్వయర్లో గొంతు విప్పి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు డాన్సుల్లో దాన్ని సానబెట్టుకుని వచ్చింది. జాజ్ పాటైనా, గుండె పిండేసే సోల్ పాటైనా ఆమెది ఒకటే అలవాటు. తాళం ముందు నడుస్తుంటే తను కాస్త వెనగ్గా, తీరిగ్గా వచ్చేది. తప్పిపోయిందేమో అనుకునేలోపు వచ్చి కలిసేది. ఆ మధ్యలో నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. బ్యాండువాళ్ళకి ఆ సంగతి తెలుసు కనక ఆమె కోసం ఆగేవాళ్ళు కాదు.

కొన్నేళ్ళకి హోటల్లో సంగీతం ఆపేశారు. నన్ను కోడంబాక్కంలో ఒక రికార్డింగు స్టూడియోకి అమ్మేశారు. ఎస్తేరు కూడా బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. సబ్బు ప్రకటనల్లో నవ్వింది, డబ్బింగు సినిమాల్లో ఏడ్చింది, రేడియోలో ఇంగ్లీషు పాటలు పాడింది. తెలుగు సినిమా మాత్రం ఆమెకి ఒకటే కొలువు ఇచ్చింది. తెరమీద గ్లాసు పట్టుకున్న ఆడమనిషి ఉంటే ఎస్తేరుకి కబురు వెళ్ళేది. నిండుగా చీర కట్టుకున్న హీరోయిన్‌కి ఆ గొంతు పనికిరాదట. మనుషులు గొంతుకి కూడా కులగోత్రాలు చూస్తారని నాకు అక్కడే తెలిసింది.

ఆమెకి భర్త లేడు. కూతురు షీబా గుంటూరులో చదువుకునేది. పాత బళ్ళో పిల్లలు ‘క్లబ్బు పాటలామె కూతురు’ అని ఏడిపించారని, కొత్త హాస్టల్లో చేరగానే ఆ పిల్ల తన తల్లి టైపిస్టని చెప్పుకుంది. ఈ సంగతి ఎస్తేరు మా రికార్డిస్టు కన్నన్‌కి నవ్వుతూనే చెప్పింది. ఆ రోజు పాట మాత్రం సరిగ్గా పాడలేకపోయింది.

అలాంటి ఎస్తేరుని ఒకనాడు జోలపాటకి పిలిచారు. పాడాల్సిన గాయనికి గొంతు పోయింది. షూటింగుకి పాట వెంటనే కావాలి. సంగీత దర్శకుడు అనంతశయనం గారు ఎస్తేరు పేరు చెప్పారు. నిర్మాతకి నమ్మకం లేక, ఇంకో గాయని కోసం కారు పంపాడు. ఆవిడ వచ్చేలోపు ఎస్తేరు పాడగలిగితే పాట ఆమెది. లేకపోతే మళ్ళీ గ్లాసే.

అప్పట్లో వాద్యాలూ గొంతూ ఒకే హాల్లో, ఒకేసారి రికార్డయ్యేవి. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావాల్సిందే. పల్లవి మొదలైంది. రెండో లైను దగ్గర ఎస్తేరు అలవాటుగా కాస్త వెనగ్గా వచ్చింది. పాడేవాళ్ళని అంటిపెట్టుకుని వాయించడం నేర్చిన తబలా మస్తాన్ గారు మర్యాదగా వేగం తగ్గించారు. ఆయన తగ్గితే ఆమె ఇంకాస్త వెనక్కి పోయింది. వయొలిన్లు కూడా ఆగి చూశాయి. పాట సాగీ సాగీ, ఉయ్యాల్లో పాపకి పెళ్ళీడు వచ్చేలా ఉంది.

“ఏవిటమ్మా ఇది? తాళం వదిలేస్తున్నారు,” అన్నారు అనంతశయనం గారు.

“వదల్లేదండి మాస్టారూ, వెనకాలే వస్తన్నాను. వాళ్ళే నాకోసం ఆగిపోతన్నారు.”

మస్తాన్ గారు నొచ్చుకున్నారు. “పాడేవారిని వదిలేసి ముందుకెళ్ళిపోతామా అమ్మా? మాకట్టా నేర్పలేదు.”

మళ్ళీ మొదలు. మళ్ళీ అంతే. ఇలా కాదని ఈసారి ఎస్తేరు తాళాన్ని పట్టుకునే పాడింది. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంది. అనంతశయనం గారు తల అడ్డంగా ఊపారు. బయట కారు హారను వినబడింది. నిర్మాత లేచి తలుపువైపు నడిచాడు. ఎస్తేరు నా స్టాండు పట్టుకుంది.

“మాస్టారూ, ఇంకొక్కసారి.”

ఈసారి ఆమె ఎన్నడూ లేనంత దగ్గరికొచ్చింది. సంగీతం మొదలైంది. ఆమె పాడింది. ఎంత చిన్నగా అంటే, పక్కలో పడుకోబెట్టుకున్న బిడ్డ చెవిలో పాడినంత. హాల్లో ఒక్కరికీ వినబడలేదు, నాకు తప్ప. ఆమె ఇంకా అందుకోలేదనుకుని మస్తాన్ గారు తిన్నగా వాయించుకుంటూ పోయారు. ఆమె తన తీరికలో తను వెనకాల వచ్చింది.

పెదవులు కదులుతున్నాయి, పాట వినబడడం లేదు. అనంతశయనం గారు ఆపమని చెయ్యెత్తారు. ఆ చెయ్యి దిగితే అంతా అయిపోయినట్టే. అద్దం వెనక, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్న కన్నన్ రెండు చేతులూ ఊపాడు, వద్దు వద్దని. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఎవరు దగ్గినా, కుర్చీ కిర్రుమన్నా నాలోకి వచ్చేస్తుంది. ఎవరూ కదల్లేదు. పాట పూర్తయింది.

కన్నన్ దాన్ని హాల్లో వినిపించాడు. మస్తాన్ గారు తల వంచుకుని విన్నారు. “మీరు పాడుతున్నారని తెలిస్తే ఆగిపోయేవాణ్ణే తల్లీ,” అన్నారు.

“ఇదే ఉంచండి,” అన్నారు అనంతశయనం గారు. వచ్చిన గాయని వచ్చిన కార్లోనే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా ఎస్తేరుకి క్లబ్బు పాటలే వచ్చాయి. సబ్బుకి నవ్వులూ తప్పలేదు. సెలవులకి షీబా తల్లితో స్టూడియోకి వచ్చింది. కన్నన్ నన్ను సర్దుతూ ఆ పిల్లని అడిగాడు, రేడియోలో పాట విన్నావా అని.

“విన్నానంకుల్. పాడినావిడ పేరు చెప్పలేదు. ఎవరో అనుకున్నా. రెండో లైన్లో లేటుగా వచ్చింది. మమ్మీ నన్ను పడుకోబెట్టేటప్పుడు అక్కడే లేటు చేసేది. అది మా మమ్మీ అని అందరికీ చెప్పేశాను.”

“టైపిస్టన్నావు గదే,” అంది ఎస్తేరు.

“టైపు కూడా చేస్తాదని చెప్పాను.”

ఎస్తేరు గబుక్కున నావైపు తిరిగింది, పాడ్డానికి కాదు, కూతురికి తన కళ్ళు కనబడకుండా. కన్నన్ చూసి నా తీగ పీకేశాడు. ఆ తర్వాత నాకేమీ వినబడలేదు.