మైకులో పడిన మాట

మా హేమలత పులివెందుల నుంచి వచ్చేటప్పటికి నేను అరుగు మీద చెనిక్కాయలు వొలుచుకుంటూ కూర్చున్నాను. ముందుగా ఫోను లేదు, చేతిలో సంచి లేదు. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు కదా, మనసు విరిగితే లేచి బయలుదేరడం సులువైంది. ఒక్కదానివే వచ్చినావేంది, నీ మొగుడు రూబేను యాడ అన్నాను. ముద్దనూరులో బస్సు మారినప్పుడన్నా ఏమైనా తిన్నావా అన్నాను. లోపలికి పోయి నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

హేమ నా కూతురి కూతురు. తల్లి పోయినాక ఇక్కడే, జమ్మలమడుగులో మిషను ఆస్పత్రి వెనక వీధిలో, నా చేతుల మీదనే పెరిగింది. మా అవ్వల కాలం నుంచి మాది గుడికి పోయే ఇల్లు. గుడి అంటే మాకు దేవుని మందిరమే. ఆదివారం బడికీ, పెద్దదైనాక యవ్వనస్తుల కూడికకూ తప్పకుండా పోయేది. అక్కడ ఆడపిల్లలకు చెప్పేదంతా ఒకటే పాఠం. ఒళ్ళు శత్రువు, కళ్ళు దించుకో, పైట సరిచేసుకో, నిన్ను చూసి మగపిల్లవాడు చెడితే ఆ పాపం నీ మెడకే. పెళ్ళయినాక సంగతి మాత్రం ఏ కూడికలోనూ ఎవరూ ఎత్తరు. తాళి కట్టేదాకా పాపమైనది రాత్రికల్లా దీవెన ఎట్లా అవుతుందో ఆ పిల్లకు ఎవరు చెప్పారు?

రూబేనుది పులివెందులలో ట్రాక్టరు సామాన్ల అంగట్లో పని. తాగడు, నోరు చేసుకోడు, గుడిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినపడుతుంది. అటువంటి మొగుని పక్కన పడుకుని లేచిన ప్రతిసారీ ఈ పిల్ల మోకాళ్ళ మీద పడి దేవుణ్ణి క్షమాపణ అడిగేదట. దీపం ఆర్పనిదే దగ్గరికి రానిచ్చేది కాదట. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు కదా, ముందురోజు మొగుని దగ్గర ఉండి ఉంటే రొట్టె ముట్టకుండా పళ్ళెం పక్కవాళ్ళకు అందించేసేది. మా సంఘాల్లో పళ్ళెం దాటించడం చిన్న సంగతి కాదు. ఏం తప్పు చేసిందో అని పది కళ్ళు అటే తిరుగుతాయి.

ఒకసారి పండక్కి వచ్చినప్పుడు నన్నే అడిగింది, అట్లా తీసుకుంటే శిక్ష రాదా అవ్వా అని. మీ తాత పక్క నుంచి లేచి పోయి నేను ఎన్ని ఆదివారాలు బల్ల తీసుకున్నానో, నా నెత్తిన ఏ పిడుగూ పడలేదే అన్నాను. ముఖం ఎర్రగా చేసుకుని నవ్వింది. కానీ ఆ మాట మనసులో పెట్టుకుంది. రూబేను కూడా ఓపిక పట్టాడు, బలవంతం చెయ్యలేదు. ఆ ఓపికను నేను కాదనను. మెల్లమెల్లగా పిల్లలో బిగువు సడలింది. పళ్ళెం దాటించడం మానింది. ఈ మధ్య ఒకనాడు తనంతట తానే మొగునితో, నీ దగ్గర ఉంటే నాకు ఇష్టంగా ఉంది, ఇది దేవుడు ఇచ్చిందే అనిపిస్తాంది అని చెప్పిందట. పెళ్ళయిన నాటి నుంచి గొంతులో అడ్డం పడిన మాట అది. విని అతను ఏడ్చాడట.

ఇంతకీ జరిగిందేమంటే, పులివెందులలో వాళ్ళ గుడిలో పాటలయినాక సాక్ష్యాలని ఉంటాయి. మేలు పొందినవాళ్ళు లేచి మైకు పట్టుకుని చెప్పాలి. జ్వరం తగ్గితే చెప్తారు, బోరులో నీళ్ళు పడితే చెప్తారు. మేలు పొంది దాచుకుంటే దేవుని మహిమ దొంగిలించినట్టే అని పాస్టరుగారు ప్రతివారం గుర్తు చేస్తారు. మొన్న ఆదివారం రూబేను లేచాడు. అంగట్లో జీతం పెంచారేమో అనుకుందట ఇది. అతను మైకులో, నా భార్యకు ఇన్నాళ్ళూ పక్కలో సిగ్గు అనే బంధకం ఉండేది, ఏడ్చేది, ఇప్పుడు దేవుడు విడిపించాడు, దీపం ఆర్పమని కూడా అడగదు, తనకు ఇష్టమని తన నోటితోనే చెప్పింది అని చెప్పాడట. కండ్లలో నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడట.

జనం అలవాటు కొద్దీ స్తోత్రం అన్నారు. వెనక వరసలో కుర్రవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. గుడి మీది మైకు బజారు వైపే తిరిగి ఉంటుంది. పాస్టరుగారు దగ్గి, ఇంకో పాట ఎత్తుకోమన్నారు. ఆడవాళ్ళ చాప మీద మా పిల్ల కొంగు ముఖం మీదికి లాక్కుని అట్లాగే ఉండిపోయింది.

ఇది ఇంట్లో రవికలు కుడుతుంది. మర్నాడు గుడి పెద్దల కమిటీలో ఒకాయన భార్య వనజమ్మ కొలతల రవిక తెచ్చి, "ఏం హేమా, కరెంటు బిల్లు ఎక్కువొస్తాదేమో చూసుకోమ్మా" అనిందట. అంతే. ఇది కత్తెర బల్ల మీద పెట్టి, వచ్చి బస్సెక్కింది.

రెండోనాడు రూబేను వచ్చాడు. ప్రొద్దుటూరులో అంగడి సరుకు చూసుకుని అటునుంచి అటే, చీర ఒకటి కొనుక్కుని వచ్చాడు. హేమ దాని వంక చూడలేదు. అతను నా దగ్గర కూర్చుని, నేనేం చెడ్డమాట చెప్పినా అవ్వా, దేవునికి మహిమ రావాలనే కదా అని మొదలుపెట్టాడు. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"తోటలో మొదటి ఆలుమగలకు సిగ్గు పుట్టినప్పుడు దేవుడు ఏం చేసినాడు నాయనా?" అన్నాను.

"చర్మంతో బట్టలు చేసి తొడిగినాడు."

"కప్పినాడు. ఊర్లో చాటింపు ఎయ్యలేదు. ఆయన కప్పిందాన్ని ఆయన పేరు చెప్పి నువ్వు ఇప్పినావు."

 అతను ఏదో దారి దొరికినవాడిలాగా లేచి, "వచ్చే ఆదివారం అందరి ముందర క్షమాపణ చెప్తా. మైకులోనే చెప్తా" అన్నాడు.

హేమ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"మళ్ళా మైకా?" అంది. "ఆ సాక్ష్యం నీదొక్కనిదే అనుకున్నావు. సగం నాది. నా సగం ఎవుర్నడిగి ఊరికి పంచినావు?"

"సంతోషం పట్టలేక చెప్పినా హేమా."

"నాకూ సంతోషమే ఉండె. నేను పట్టుకోలేదా? సంఘానికి ఏం చెప్పాకు. నాకు చెప్పు. ఈడ, మెల్లగా."

అంతమంది ముందు బెదరకుండా మాట్లాడేవాడు, ఒక్క మనిషి ముందు నోరు పెగలక నిలబడ్డాడు. ఎప్పటికో తప్పయింది అన్నాడు. ఇది తల ఊపింది గానీ, ముఖంలో ఏమీ కదలలేదు.

పొద్దు వాలకముందే పోతామన్నారు. లోపల నేను జడ వేస్తుంటే మెల్లగా చెప్పింది, "ఆయప్పకు చెడుబుద్ధి లేదు అవ్వా, నాకు తెలుసు. అదే నన్ను తినేస్తాండాది. కావాలని చేసింటే కొట్లాడుకుంటాంటిని. సంసారం ఇడిసిపెట్టేది లేదులే, పోతా. కానీ ఇంగ నాకు ఏమనిపిస్తే అది ఆయప్పకు చెప్పను. చెప్పాలనిపిస్తే ఈడికొచ్చి నీకు చెప్తా."

నా చేతిలో జడ ఆగిపోయింది. అట్లా అనద్దు తల్లీ, అవి నేను వినాల్సిన మాటలు కావు అన్నాను.  వినవలసినవాడు బయట వీధిలో బస్టాండుకు ఆటో మాట్లాడుతున్నాడు.