తాగని దినం

1979 ఎండాకాలంలో, చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డు పక్కన ఒక బెల్లం గోడౌన్ అంటుకుంది. ఫైరింజన్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. లీడింగ్ ఫైర్‌మన్ కుప్పయ్య అందరికంటే ముందు దిగాడు. నలభై రెండేళ్ల మనిషి. ఆ ఉద్యోగంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాడు.

గోడౌన్ యజమాని ధనంజయ గేటు దగ్గర తలపట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లోపల ఏముండాదప్పా?" అని అడిగాడు కుప్పయ్య.

"బెల్లం, గోనెసంచులు. ఇంకేముంటాది? ముందు నీళ్లు కొట్టండి!"

ముఖానికి తొడుక్కునే ముసుగులు, గాలి సిలిండర్లు ఆ స్టేషన్‌లో లేవు. కుప్పయ్య తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. జతగాడు సుబ్రమణ్యం వెనక గొట్టం పట్టుకోగా లోపలికి నడిచాడు. ముందు గదిలో బెల్లం పాకంలా కాగి నేలమీద పారుతోంది. వెనక గదికి పోయేసరికి వాసన మారింది. కుళ్లిన వెల్లుల్లిలాంటి ఘాటు. అటకమీద రేకు డబ్బాలు ఒకటొకటే పగులుతున్నాయి. వాటిలోని జిడ్డు నీళ్లతో కలిసి ఇద్దరి ఖాకీ బట్టలనూ తడిపేసింది. ఇద్దరూ వెనక్కి రాలేదు. మంట ఆరేదాకా గంటసేపు అక్కడే నిలబడ్డారు.

బయటికి వచ్చాక కుప్పయ్య నోటినుంచి చొంగ కారడం మొదలైంది. చెమట ధారగా పోతోంది. మాట ముద్దగా వచ్చింది. రెండడుగులు తూలి పడిపోయాడు. సుబ్రమణ్యం బండి చక్రం పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు.

"సూడండబ్బా, తాగొచ్చి మంటార్పతా ఉండారు!" అని ధనంజయ జనమంతా వినేలా అరిచాడు. "వీళ్లవల్లే నా సరుకంతా బూడిదైపోయింది!"

జనం నమ్మారు. సెలవు రోజుల్లో కుప్పయ్య కల్లు తాగుతాడని ఊరందరికీ తెలుసు. అతనూ ఎప్పుడూ దాచలేదు.

ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకొచ్చినవాళ్లు కూడా అదే మాట చెప్పారు. డ్యూటీ డాక్టరు చీటీ రాయబోతుంటే నర్సు నిర్మలమ్మ కుప్పయ్య కనురెప్ప ఎత్తి టార్చి వేసింది.

"సార్, ఒకసారి ఈయన కనుపాపలు సూడండి. సూది మొనంత ఉండాయి. తాగినోళ్లకు ఇట్లుండవు. నేను ఏర్పేడు పక్కన పనిచేసినప్పుడు చేన్లో పురుగుమందు కొట్టి పడిపోయినోళ్లను తెచ్చేవాళ్లు. వాళ్లకు అచ్చం ఇట్లే ఉండేవి."

డాక్టరు తానూ చూశాడు. వెంటనే విరుగుడుగా అట్రోపిన్ సూది వేయమన్నాడు. చీకటి పడేలోగా ఇద్దరికీ చొంగ తగ్గింది, ఊపిరి కుదుటపడింది. ప్రాణాలు దక్కాయి. కానీ చీటీలో డాక్టరు "విషం కావచ్చు, మద్యం కావచ్చు" అని రాసి ఊరుకున్నాడు. ధనంజయ బంధువులు అప్పటికే రెండుసార్లు వచ్చి ఆయనతో మాట్లాడిపోయారు.

మూడో రోజు పొద్దున స్టేషన్ ఆఫీసర్ రాజారత్నం ఒక కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"కొంచెం తాగిన మాట నిజమే, ఇంకోసారి జరగదు అని సంతకం పెట్టు కుప్పయ్యా. హెచ్చరికతో పోతాది. లేదంటే పైకి రాయాల్సి వస్తాది, సస్పెండ్ చేస్తారు. ధనంజయ పెద్ద మనుషులను పట్టుకున్నాడు."

"తాగిన దినం తాగినానని నేనే చెప్పుకున్నా గదా సార్. తాగని దినం తాగినానని ఎందుకు చెప్పాల?"

"సుబ్రమణ్యం పెడతానంటా ఉండాడు."

"వానికి పెండ్లయి ఏడాది గూడా కాలా, భయపడినాడు. నాకు భయం లేదు సార్. స్టేషన్‌లో దగ్గు లేనోడు ఒకడుండాడా? పొగలో పనిచేసి వచ్చిన దగ్గును అందరిదీ బీడీ దగ్గే అని పైవాళ్లు రాసినారు. మీరు బీడీ ముట్టరు. మీ దగ్గు యాడినుంచి వచ్చింది?"

రాజారత్నం కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం కుప్పయ్య భార్య భారతమ్మను ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎద్దులబండిలో ఆసుపత్రికి తెచ్చారు. పొద్దున ఆమె భర్త ఖాకీ బట్టలు నానబెట్టి చేత్తో రుద్ది ఉతికింది. పదిన్నరకల్లా కళ్లు మసకలయ్యాయి, చేతులు అదిరాయి, చొంగ కారింది. నిర్మలమ్మ టార్చి వేసి చూసి, తల తిప్పి డాక్టరును గట్టిగా పిలిచింది.

"సార్! ఈయమ్మ గూడా తాగిందంటారా?"

ఈసారి డాక్టరు చీటీలో మద్యం మాట రాయలేదు. మొదటి ఇద్దరి చీటీలూ తెప్పించి, ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం చేశాడు.

పది రోజులు పోయాక విచారణకు పైఅధికారి వచ్చాడు. ఫైర్ స్టేషన్ ఆఫీసు గదిలో ధనంజయ కుర్చీలో కూర్చున్నాడు. గోడౌన్‌లో పురుగుమందు ఒక్క చుక్క కూడా లేదని ప్రమాణం చేశాడు. కాలిన డబ్బాలు ఎప్పుడో మాయమయ్యాయి. కుప్పయ్య నిలబడి ఉన్నాడు. కాళ్లకు ఇంకా పట్టు చిక్కలేదు, గోడకు ఆనుకున్నాడు.

అప్పుడు, ఆసుపత్రి నుంచి కోలుకుని వచ్చిన భారతమ్మ ఒక మూట తెచ్చి బల్లమీద పెట్టింది. సుబ్రమణ్యం ఖాకీ బట్టలవి. అతని తల్లి ఉతక్కుండా వసారాలో పడేసి ఉంచింది. మూట విప్పగానే ఆ వెల్లుల్లి కంపు గదంతా నిండింది.

"పురుగుమందు లేదంటా ఉండాడు గదా," అంది భారతమ్మ. "అయితే ఈ చొక్కా ఆయప్పనే వేసుకోమనండి సార్. సాయంత్రం దాకా వేసుకుని కూర్చుంటే, మా ఆయన తాగినాడని నేనే రాసిస్తా."

ధనంజయ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఏమప్పా, బెల్లం అంటిన గుడ్డే గదా! భయమెందుకు?" అని అడిగింది భారతమ్మ.

గోడవారన నిలబడిన సుబ్రమణ్యం ముందుకొచ్చాడు. "సార్, నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటాను. మేము తాగలేదు," అన్నాడు. ఆ వెంటనే రాజారత్నం కూడా నోరు తెరిచాడు. ఆ రోజు మంట ఆరినాక తాను వెనక గదిలో డబ్బాలు కళ్లారా చూశానని చెప్పాడు. చెబుతూ రెండుసార్లు దగ్గాడు.

ధనంజయకు ఏమీ కాలేదు. అతని మీద కేసు పెట్టేవాళ్లు లేకపోయారు. రెండు నెలలకు కుప్పయ్యకు ఒక ఉత్తర్వు వచ్చింది. అతని దీర్ఘకాల సేవను దృష్టిలో పెట్టుకుని దయతో క్షమించడమైనదని అందులో ఉంది. స్టేషన్‌లో అందరూ సంతోషపడ్డారు. కుప్పయ్య ఒప్పుకోలేదు.

"క్షమించేదానికి నేనేం తప్పు చేసినాను?" అని ఆ కాగితం తిప్పి పంపాడు.

రెండోసారి 'దయతో' అన్న మాట తీసేసి పంపారు. క్షమించామన్న మాట మాత్రం అలాగే ఉంది. మళ్లీ తిప్పి పంపాడు.

"వద్దప్పా, పైవాళ్లతో మొండిగా పోవద్దు. ఉద్యోగం ఉండాది గదా," అని జతగాళ్లు నచ్చజెప్పారు.

"నా ఉద్యోగం గురించి కాదబ్బా. రేపు మీలో ఎవరన్నా పొగలో పడిపోతే తాగినాడంటారు. అప్పుడు సూపించేదానికి ఒక కాగితం ఉండాల."

ఆ మధ్యలో పురుగుమందు విషానికి అతని కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. నిచ్చెన ఎక్కలేకపోయాడు. టెలిఫోన్ దగ్గర డ్యూటీ ఇచ్చారు. కుర్చీలో కూర్చోవడం అతనికి చచ్చేంత కష్టంగా ఉండేది. మూడోసారి రాజారత్నం తన చేత్తోనే, క్షమించాల్సిన తప్పేమీ లేదని పైకి రాశాడు.

పద్నాలుగు నెలలకు అసలైన ఉత్తర్వు వచ్చింది. డ్యూటీలో విషపు పొగ, పురుగుమందు తగిలి జబ్బుపడ్డారని, ఆసుపత్రి రోజులు డ్యూటీగానే లెక్కించాలని అందులో ఉంది. క్షమించామన్న మాట ఎక్కడా లేదు. కుప్పయ్య దాన్ని రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం పెట్టాడు. వేళ్లు పట్టు దొరక్క గీతలు అడ్డదిడ్డంగా పోయాయి.

గుమస్తా దాన్ని పాత కాగితాలతో పోల్చి చూసి, "ఇది నీ సంతకం మాదిరి లేదే?" అన్నాడు.

"ఇప్పుడు నా సంతకం ఇదే," అన్నాడు కుప్పయ్య. "మీ రిజిస్టర్లో మార్చుకోండి."