కనిపించే కట్టు

అమ్మ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే నానమ్మ గదిలోకి తొంగి చూసి, అమ్మతో "దుప్పట్లు నానబెట్టేశానమ్మాయ్, లేచాక పిండేద్దువుగాని. తొందరేం లేదులే" అంది. తొందర లేదని చెప్పడమే నానమ్మ చూపించే జాలి. ఆ మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదని నాకు తెలుసు, అందుకే ఏమనాలో తోచలేదు. నాకు మామూలుగానే నోరు పెగలదు. బళ్లో టీచరు ప్రశ్న వేస్తే జవాబు తెలిసినా బల్లకేసి చూస్తూ నిలబడి, ఇంటికొచ్చాక ఆ జవాబు డైరీలో రాసుకుంటాను.

అమ్మ గర్భసంచిలో గడ్డలు పెరిగాయి. చాలా కాలంగా నెలసరి వస్తే ఆగేది కాదు. యూనిఫారాలు కుట్టే షెడ్డులో తన మిషను ముందు కుర్చీ మీద పాత తువ్వాలు మడిచి వేసుకుని కూర్చునేది. లేచేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేది. ఆ చూపు నాకూ అలవాటైపోయింది. చివరికి డాక్టరమ్మ పొట్ట పెద్దగా కోయకుండా నాలుగు చిన్న చిల్లులు పెట్టి, సన్నటి కెమెరా లోపలికి పంపి, తెర మీద చూస్తూ గర్భసంచి తీసేసింది. "పైకి చిన్నవే గాని లోపల పెద్ద గాయమే. నెలన్నర దాకా బరువులెత్తకూడదు, వంగి పనులు చేయకూడదు" అని నాన్నతోనే చెప్పింది. నాన్న బుద్ధిగా తలూపాడు. మెట్లు దిగేసరికి మాత్రం, "మా బస్సు డిపోలో వేలు తెగినా ఇంతకన్నా పెద్ద ప్లాస్టరు వేస్తారే" అని నవ్వాడు. అమ్మా నవ్వబోయి, పొట్ట లాగడంతో చేత్తో పట్టుకుంది. ఇంటికొచ్చాక భుజం నొప్పి మొదలైంది. ఆపరేషనప్పుడు పొట్టలోకి పంపిన గాలి వల్ల అలా ఉంటుందని అక్కడే చెప్పారు. కానీ నానమ్మ, "కోసింది పొట్టైతే నొప్పి భుజానికా? చోద్యం కాకపోతే!" అని ముక్కు మీద వేలేసుకుంది.

దుప్పట్ల మాట వినగానే అమ్మ మంచం మీంచి కాళ్లు కిందికి దించింది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. వద్దమ్మా అనాలి. ఆ ఒక్క మాట గొంతులోనే ఉండిపోయింది. చేతులు మాత్రం ఆగలేదు. బీరువాలోంచి పాత తెల్ల దుప్పటి తీసి పొడుగ్గా చించాను.

"ఏం చేస్తున్నావే?"

"కట్టు."

"నాకెందుకే కట్టు?"

"వాళ్లకి కనపడాలి కదా."

అమ్మ మెల్లగా రెండు చేతులూ పైకెత్తింది. "వదులుగా చుట్టవే. కానీ లావుగా కనపడాలి సుమా" అంది.

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అమ్మో, ఇంత కట్టా?" అని గొంతు తగ్గించేశాడు. ఆసుపత్రివాళ్లే వచ్చి కట్టి వెళ్లారనుకున్నాడు కాబోలు. ఖాకీ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, పెరట్లో దుప్పట్లన్నీ తనే పిండాడు. నానమ్మ వేణ్ణీళ్లు కాచి తెచ్చింది. అమ్మ పగటిపూట నిద్రపోవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే. నోరు కొంచెం తెరుచుకుని, పక్కింటి పసిపాపలా పడుకునేది. లేచాక నా భుజం పట్టుకుని వసారాలో అటూ ఇటూ నడిచేది, నా సైన్సు పుస్తకం తిరగేస్తూ బొమ్మల కింద పేర్లు చదివేది. షెడ్డు సూపర్‌వైజరు ఒకరోజు పరామర్శకని వచ్చాడు, చంకలో కాలర్ల మూటతో. "కూర్చుని చేసే పనే కదక్కా" అంటూ మొదలుపెట్టి, కట్టు చూడగానే మూటను వీపు వెనక్కి జరిపేసుకున్నాడు. అతను వెళ్లాక మేమిద్దరం దిండులో మొహం పెట్టుకుని నవ్వాం. అమ్మకి నవ్వినా పొట్ట లాగలేదు.

కొన్నాళ్లకి గాయాలు చూడ్డానికి ఆసుపత్రి నుంచి నర్సు వచ్చింది. అందరం మంచం చుట్టూ నిలబడ్డాం.

"ఇదేంటి, ఎవరు కట్టారిది?"

"మీరే కదండీ!" అన్నాడు నాన్న.

"మేమా? మేం ప్లాస్టర్లే వేశాం."

ఆమె విప్పుతుంటే గుడ్డ చివర నీలం అంచు బయటపడింది. "ఇది మన దుప్పటి కదూ!" అన్నాడు నాన్న. కట్టంతా ఊడాక నాలుగు చిన్న గీతలు మిగిలాయి. నర్సు వాటిని చూసి, "చక్కగా మానుతున్నాయి, గాలి తగలనివ్వండి. ఇంకెప్పుడూ ఇలా చుట్టొద్దు. లోపలిది మానడానికి మాత్రం ఇంకా టైం పడుతుంది" అని చెప్పి వెళ్లిపోయింది. కట్టు లేకపోతే రేపటి నుంచి అమ్మని ఎవరు పడుకోనిస్తారు?

"అయితే మమ్మల్ని వెర్రివాళ్లని చేశారన్నమాట" అన్నాడు నాన్న, అమ్మకేసి చూస్తూ.

"కట్టింది నేను నాన్నా."

అది నా గొంతే. నాన్న అది ఎవరి గొంతో వెతుకుతున్నట్టు చూశాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మ చెప్పింది మీరు విన్నారు. కానీ దుప్పట్లు పిండింది కట్టు చూశాకే" అంది మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

నాన్న సాయం కోసం నానమ్మకేసి చూశాడు. నానమ్మ కింద పడిన గుడ్డని తీసి మడతపెడుతోంది. మడతపెట్టి, తన పొట్ట మీద చెయ్యేసుకుని, "నన్ను ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కోశారు, నువ్వు పుట్టినప్పుడు. కట్టు ఇంత లావున ఉండేది. అందరూ చూశారు. అయినా నీళ్లు నేనే మోశాను" అంది.

అమ్మ దిండు సర్దుకుని, పొట్ట మీద ఏ కట్టూ లేకుండానే వెనక్కి వాలింది. కిటికీలోంచి వచ్చే గాలికి హాయిగా కళ్లు మూసుకుంది.

"మరి వంట?" అన్నాడు నాన్న, మెల్లగా.

"అయ్యాక లేపండి" అంది అమ్మ.