రాయికి మళ్లీ మొలిచిన వెంట్రుకలు

"నవతా! ఉరికి రా బిడ్డా! నీ రాయికి మళ్ల వెంట్రుకలు మొలిచినయ్!"

డాబా మీది నుంచి అత్త శంకరవ్వ కేక వినగానే, నవత చపాతీ పిండి చేతులతోనే రెండేసి మెట్లు ఎక్కింది. పిట్టగోడ మీద ఎండలో పెట్టిన నల్లరాయి నిండా పట్టుపోగుల్లాంటి తెల్లటి నూగు! గట్టిగా ఊపిరి వదలాలన్నా ఆమెకు భయమేసింది.

పెళ్లయి నలభై రోజులు. పుట్టిల్లు బెల్లంపల్లికి వెళ్లినప్పుడు, మూతపడ్డ బొగ్గుబాయి పక్క మట్టికుప్పలో దొరికిందా రాయి. భర్త సుధాకర్ పెళ్లినాటి రుమాలులో చుట్టి సిరిసిల్ల దాకా మోసుకొచ్చాడు. ఆ రాయి మీది నూగు అల్యూనోజెన్ అనే అరుదైన ఖనిజం కావచ్చని నవత అనుమానం. కరీంనగర్‌లో ఆమె పరిశోధనకు గైడ్ మమతారాణి మేడం మాత్రం, "ఫొటోలు నమ్మను. శుక్రవారంలోగా కళ్లకు చూపిస్తేనే ఆ అంశం నీది" అంది. ఇంకోటి తెద్దామంటే ఆ కుప్పను చదును చేసి మొక్కలు నాటేశారు.

శంకరవ్వది సాంచాల ఇల్లు. మరమగ్గాల నుంచి లేచే దూది ప్రతి వస్తువు మీదా వాలుతుంది. పొద్దుగూకగానే తడిగుడ్డతో అన్నీ తుడవడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. వారం కిందట రాయినీ తుడిచేసింది. నూగంతా ఉప్పులా కరిగిపోయింది. ఆ పూట అత్తాకోడళ్లిద్దరూ అన్నం ముట్టలేదు.

మర్నాడు భూతద్దంతో చూస్తే రాయిలో ఇత్తడి రంగు చుక్కలు మెరిశాయి. నవతకు ప్రాణం లేచొచ్చింది. ఆ చుక్కల్లో గంధకం ఉంటుంది. గాలి, తేమ తగిలితే అది ఆమ్లమై, రాయిలోని బంకమన్ను నుంచి అల్యూమినియంను కరిగించి లాగుతుంది. ఆ చెమ్మ పైకి ఊరి, ఎండకు ఆరి, వెంట్రుకలవుతుంది. అత్తమ్మ తుడిచింది పైదాన్నే. అందుకే నవత రాయిని ఎండకు పెట్టింది.

"నిజంగ అదేనా బిడ్డా? దూది కాదు గదా?" శంకరవ్వ చేతులు వెనక్కి కట్టుకుని అడిగింది.

నవత భూతద్దంలోంచి చూసింది. "అదే అత్తమ్మా! అచ్చం అట్లనే ఉన్నది!" అంటూ పిండి చేతులతోనే ఆమెను వాటేసుకుంది.

వెనకాలే వచ్చిన సుధాకర్ నవ్వాడు. "నువ్వు తుడ్వకపోతే గింత సంబురం ఉండునా అవ్వా? ఇంకోపారి గూడ తుడువు!"

"నోరు ముయ్‌రా! వారం దినాలసంది నా పానం పరేషాన్ అయింది." శంకరవ్వ కొంగుతో కళ్లద్దుకుంది. "రేపే గదా శుక్రారం? పొద్దుగాల ఏడు గంటల బస్సుకు నేను గూడ వస్త. రాయిని డబ్బల పెట్టు, ఆ డబ్బ నా ఒళ్లెనే ఉంటది. తుడిచింది నేనేనని మీ మేడంకు నేనే చెప్త."