ఇంకో చుక్క నూనె వద్దు

ఏలిక్కుట్టికి పక్షవాతం వచ్చి పది నెలలైంది. ఎడమ చెయ్యి కదలదు కానీ, దుప్పటి అంచు తగిలితే చాలు, కాలిన పెనం అంటించినట్టు భగ్గుమంటుంది. ఫ్యాను గాలి సోకినా అంతే. ముప్పై ఏళ్ళపాటు చీకటితో లేచి రోజుకు మూడొందల రబ్బరు చెట్లు గీసిన మనిషికి నొప్పులు కొత్త కాదు. ఇది మాత్రం పగబట్టిన నొప్పి.

ఆమె కేక పెట్టినప్పుడల్లా భర్త ఔసేప్పు మొహం వెలిగిపోయేది. "ప్రాణం తిరిగొస్తోందే!" అనేవాడు. మాలీషు చేసే వేలాయుధన్ వైద్యర్ అలాగే చెప్పాడు మరి. నరం మేలుకుంటే అరుపొస్తుందట, అరుపొస్తే ఇంకా గట్టిగా రుద్దాలట. ఒక ఆడమనిషి ఏడుస్తుంటే ఇద్దరు మగవాళ్ళు సంబరపడటం ఆ ఇంట్లోనే చూడాలి. వారానికి మూడుసార్లు వంటింట్లో నూనె కాగేది. ఆ వాసనకే ఆమెకు వణుకు పుట్టేది.

నొప్పితో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు జీపులో తిరిగే నర్సు షాహిన ఒకరోజు వచ్చింది. చేతిని తాకకుండానే అడిగింది. "మంటా అమ్మచ్చీ? సలుపా? చల్లగా కాలుతుందా?"

పది నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. ఏలిక్కుట్టికి ఏడుపొచ్చేసింది.

"దెబ్బతిన్నది చెయ్యి కాదు, మెదడు. తప్పుడు కబురు అక్కణ్ణుంచే వస్తోంది. ఈ మాత్ర పూర్తిగా పోగొట్టకపోవచ్చు, తగ్గిస్తుందేమో చూద్దాం. రుద్దడం మాత్రం ఆపండి" అంది షాహిన.

మూడు వారాలకు దుప్పటి భరించగలిగింది. నాలుగో వారం మాత్రల డబ్బా మాయమైంది, వైద్యర్ మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు.

షాహిన రెండోసారి వచ్చి ఇంకా కుర్చీలో కూర్చోనేలేదు, వాకిట్లో జనం. ఆ కొండ ఊళ్ళో ఏ ఇంటి ముందైనా ఆ జీపు ఆగిందంటే లోపల మనిషి ఆఖరి ఘడియల్లో ఉన్నట్టే లెక్క. పక్కింటి త్రేస్య చర్చికి పరుగెత్తి కురియాక్కోస్ ఫాదర్‌ని లాక్కొచ్చింది. ఆయన ప్రార్థన మొదలుపెట్టి, పోయేవాళ్ళకు పూసే పవిత్ర తైలంలో బొటనవేలు ముంచి, నేరుగా ఎడమ అరచేతి మీదికి వంగాడు.

ఏలిక్కుట్టి కుడిచేత్తో ఆయన మణికట్టు పట్టేసింది. రబ్బరు గీసే కత్తి పట్టిన చెయ్యి అది, ఫాదర్ కదల్లేకపోయాడు.

"ఇంకో చుక్క నూనె నా మీద పడిందా, మీరని కూడా చూడను ఫాదర్! నేను చావట్లేదు."

"మరి జీపు..." అని నసిగింది త్రేస్య.

"నొప్పి కోసం వచ్చిందే తల్లీ! నొప్పికి కూడా వైద్యం ఉంటుంది. ఫాదర్, అంత దూరం వచ్చారు, ఎవరి పాపమైనా వినాలనుంటే అదిగో, మా ఇంటాయన, ఈ అచ్చాయన్‌ది వినండి. నా మాత్రలు ఎక్కడ దాచారో అడగండి."

అందరూ ఔసేప్పు వైపు తిరిగారు.

"మందుల షాపువాడు చెప్పాడు, అది మనసు బాగోలేనివాళ్ళు వేసుకునేదట. నిన్ను పిచ్చిదంటారని..."

"అననివ్వండి! పిచ్చిదాన్నై హాయిగా నిద్రపోతాను."

షాహిన నవ్వు ఆపుకుంది. "ఆ మాత్ర నొప్పికీ పనిచేస్తుంది అన్నా. మళ్ళీ తక్కువ మోతాదు నుంచి మొదలుపెడదాం."

ఔసేప్పు బియ్యం డబ్బాలోంచి మాత్రలు తీసుకొచ్చాడు. ఫాదర్ బొటనవేలు రుమాలుకు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు వైద్యర్‌కి ఫోన్ చెయ్యండి. రావద్దని మీ నోటితోనే చెప్పండి" అంది ఏలిక్కుట్టి.

ఔసేప్పు ఫోను చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "నువ్వు అరుస్తున్నన్నాళ్ళూ ఆశ ఉండేదే. అరుపు ఆగిపోతే ఇక ఆ చెయ్యి లేవదేమో."

పాపం, ఈ మనిషి ఇన్ని నెలలుగా మోసింది ఈ భయమా! ఆమెకు జాలేసింది. జాలితోపాటు కోపమూ వచ్చింది.

"లేవకపోతే లేవదు అచ్చాయా. నేను లేస్తాను. చెయ్యండి ఫోను."

అతను నంబరు నొక్కాడు.