పుస్తకంలో లేని వాక్యం

నేను చదివిన పుస్తకం గురించి ఉల్లిపాయలు తరుగుతూ చెబుతుంటే, మా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్లో టైపు చేసుకుంటారు. మూడేళ్లుగా ఇదే తంతు. చదివేది నేను. గొంతు సవరించుకుని ‘పది నిమిషాల్లో పుస్తకం’ అంటూ రికార్డు చేసి చందాదారులకు అమ్మేది ఆయన. గొంతు మంచిదే, కాదనను; ఆ గొంతు వినే పెళ్లికి ఒప్పుకున్నాను. మా అత్తగారైతే ఇంటికొచ్చిన వాళ్లందరికీ వినిపించి, ‘ఇన్నిన్ని పుస్తకాలు చదివి మా వాడి కళ్లు ఏమైపోతాయో’ అని బెంగపడతారు. కళ్లజోడు రెండుసార్లు మారింది మాత్రం నాకు. నవ్వొస్తుంది. నవ్వాక ఎక్కడో చురుక్కుమంటుంది.

మొన్న ఒక ప్రచురణకర్త నుంచి నోటీసొచ్చింది. ‘మా నవలను కాపీ కొట్టి అమ్ముకుంటున్నారు, ఆపకపోతే కోర్టుకెళ్తాం’ అని. మా ఆయన ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. వెంటనే లాయరైన వాళ్లక్కకు ఫోన్ చేశారు. సాయంత్రానికి వదిన దిగింది. ఆ నవలనూ, మా సారాంశాన్నీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని పెన్సిలు పట్టుకుంది. కథ ఫలానా అని చెప్పడం తప్పు కాదట. రచయిత వాక్యాలు ఎత్తుకొచ్చి అమ్మితేనే తంటా అట. ఇది విన్నవాడికి ఇక పుస్తకం కొననక్కర్లేదనిపించినా చిక్కేనట. నేను టీ ఇచ్చి గోడకానుకుని నిలబడ్డాను.

సారాంశం చివరి పేజీ దగ్గర పెన్సిలు ఆగింది. వదిన పైకి చదివింది: “ఈ ఇల్లాలు మూడు వందల పేజీల్లో ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోబెట్టాలని రచయితకూ తోచలేదు.”

తలెత్తి తమ్ముణ్ణి చూసింది. “ఒరేయ్, ఇది పుస్తకంలో ఎక్కడా లేదు. ఇలాంటివి ఇంకో పదున్నాయి. నిన్ను కాపాడేవి ఇవే. సొంత మాటలని రాసి సంతకం పెట్టు. నీవేగా?” అంటూ కాగితం, పెన్ను అతని ముందుకు జరిపింది.

“నావే,” అన్నారాయన అలవాటుగా. అన్నాక నా వైపు చూశారు, తను గిన్నె మాడ్చినప్పుడు చూసే చూపు.

ఆ సంతకం పడితే నా మాటలు ఇక కాగితం మీద కూడా ఆయనవే. కోపమొచ్చింది. దాని వెనకే ప్రేమా వచ్చింది, ఏం చేయను? ఈ ఇంట్లో విసుక్కోకుండా నా మాట విన్నది ఈయనొక్కరే. వినీ వినీ తనవే అనుకున్నారు పాపం.

పెన్ను ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఆ పెన్ను ఇటివ్వండి,” అన్నాను. “స్టవ్ మీద పాలున్నాయి, మీరెళ్లి చూడండి.”